మడ చెట్లకు మట్టి ఎగదోశాం

మనీ ప్లాంటు ఎక్కించే కర్రకు కొబ్బరి పీచు చుట్టడంలో ఒకప్పుడు నన్ను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు అనాలని ఉంది కానీ, గొప్ప కోసమే చెబుతున్నాను. నాలుగడుగుల కర్ర తీసుకుని, పీచును విడదీసి పలచగా పరిచి, కర్రను దానిమీద దొర్లిస్తూ నైలాన్ దారంతో చుట్టుకుంటూ పోవాలి. దారం మరీ బిగిస్తే పీచులో నీరు నిలవదు. వదులైతే లారీ ఎక్కేలోపే పీచు జారిపోతుంది. అలా తయారైన కర్రను కుండీ మధ్యలో గుచ్చి చుట్టూ మూడు తీగలు పెడితే, ఏడాది తిరిగేసరికి అవి పీచులోకి వేర్లు దించుకుని పైదాకా పాకుతాయి. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ బ్యాంకుల్లో, హోటళ్ళలో ఓ మూల నిలబడి ఉండే ఆ పచ్చటి స్తంభాల్లో కొన్ని నా చేతి పనే.

అది తొంభైల నడిమి కాలం. డిగ్రీ పూర్తిచేసి, కడియం దగ్గర మా ఊళ్ళో నాన్న నర్సరీలో పనిచేస్తున్నాను. పనిచేస్తున్నానని నేను అనుకునేదాన్ని. పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఉంటోందని చుట్టాలు అనుకునేవాళ్ళు. వరండాలో పీచు పరుచుకుని కూర్చుంటే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నన్ను ఎవరూ పెళ్ళి సంగతి ఎత్తి విసిగించేవారు కాదు. అదొక సుఖం.

పీచు ఎప్పుడూ తడిగా ఉండాలి కాబట్టి లోపలి కర్ర తొందరగా చీకిపోతుంది. వెదురు ఒక వానాకాలం దాటితే గొప్ప. మడ కర్ర మాత్రం మూడేళ్ళు నిలుస్తుంది. సముద్రం దగ్గర, పోటు నీళ్ళు వచ్చిపోయే బురదలో పెరిగే చెట్టు మడ. తడిలో పుట్టిన కర్ర తడికి భయపడదని నాన్న అనేవారు. కాకినాడ దిగువ నుంచి ఒకాయన రెండు మూడు నెలలకోసారి చిన్న లారీలో మోపులు తెచ్చి మా వాకిట్లో దించేవాడు. కర్రలాయన అనేవాళ్ళం. ఎవరినడిగి కొట్టాడో, ఎక్కడ కొట్టాడో మా ఊళ్ళో ఏ నర్సరీవాళ్ళూ అడగలేదు. అడిగితే కర్రలు ఆగిపోతాయని అందరికీ తెలుసు.

నాకైతే అడగాల్సిన పని కూడా లేదు. అమ్మకు అక్క, మా పెద్దమ్మ, ఉండేది ఆ సముద్రం పక్క ఊళ్ళోనే. వాళ్ళ కొబ్బరితోట అంచు దాటితే మడ అడవి, ఆ అడవి దాటితే ఉప్పుకాలువ, ఆపైన సముద్రం. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిపాను. మడ ఆకు తిన్న గేదె పాలు తాగాను, మడ పూలమీద వాలే తేనెటీగలతో కుట్టించుకుని ఏడ్చాను. అయినా వరండాలో నా ఒళ్ళో ఉన్న కర్రనూ ఆ చెట్టునూ ఎప్పుడూ కలిపి చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాన్న గురించి చెప్పాలి. నాన్నది మంచి చెయ్యి అని పేరు. సామర్లకోట నుంచీ పిఠాపురం నుంచీ కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు వచ్చి, మామిడి అంటైనా కొబ్బరి మొక్కైనా నాన్న చేతుల మీదుగానే తీసుకునేవాళ్ళు. పనివాళ్ళు తీసిస్తే ఒప్పుకునేవారు కాదు. కొందరు కారు పంపి, ఇంటిదాకా తీసుకెళ్ళి మొదటి మొక్క ఆయన చేత నాటించుకునేవాళ్ళు. ఆయన కూడా ఆ పేరును బాగానే మోశారు. నా చేతిలో మొక్క చావడం నేనింతవరకూ చూడలేదు అని నలుగురిలో అనేవారు. అమ్మ వంటింట్లోంచే అందుకునేది.

"ఎలా చూస్తారండీ, చచ్చినవాటిని పొద్దున్నే మీరు లేవకముందు నేను తీసి పెంటమీద వేసేస్తుంటే."

నాన్న నవ్వేవారు. నవ్వినా, తన మాట మీద ఆయనకు నమ్మకమే.

ఆ సంవత్సరం మాఘమాసంలో పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. అమ్మకన్నా పదేళ్ళు పెద్ద. అమ్మమ్మ చిన్నవయసులోనే పోతే అమ్మను పెంచి, చదివించి, నాన్నకిచ్చి పెళ్ళి చేసింది ఆవిడే. ఆవిడ కూర్చునేదాకా నాన్న కూర్చునేవారు కాదు. ఆవిడ వరండాలో కాళ్ళు కడుక్కుని, పక్కనున్న మోపులోంచి ఒక కర్ర లాగింది. గోటితో బెరడు గీరి వాసన చూసింది.

"ఏంటే ఇది?"

నేను ఉత్సాహంగా పనంతా చేసి చూపించాను. పీచు, దారం, మనీ ప్లాంటు, బెంగుళూరు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"కుండీలో ఎన్నాళ్ళుంటుందే ఈ కర్ర?"

"మూడేళ్ళు, పెద్దమ్మా."

"చెట్టునుంటే నీ మనవళ్ళదాకా ఉండేది," అంది. కోపంగా అనలేదు. ఆ కర్రను మళ్ళీ మోపులో పెట్టి, మోపు మీద ఓసారి చెయ్యి వేసి లోపలికి వెళ్ళింది.

భోజనాలయ్యాక నాన్నతో అంది. "మరిదిగారూ, ఆ కర్రలు మా తోట ముందువేనండి. పడవల్లో వచ్చి లేత చెట్లన్నీ కొట్టుకుపోతన్నారు. మీరు మానేస్తే బాగుంటుందండి."

నాన్న నీళ్ళు నమిలారు. నేనొక్కణ్ణి మానేస్తే పక్కవాళ్ళు మానరండీ వదినగారూ, ఆర్డర్లు తీసుకున్నానండీ, ఈ ఏడాదికి ఇలా కానివ్వండి అన్నారు. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలోకి చూడలేదు. పెద్దమ్మ "అలాగేనండి" అని ఊరుకుంది. సాయంత్రం బస్సుకు ఒక కరివేపాకు మొక్క పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మర్నాడు మళ్ళీ పీచు పరుచుకుని కూర్చున్నాను. కర్రలు చేతికి ఎప్పటిలాగే తగిలాయని చెప్పగలను గానీ, అబద్ధమవుతుంది.

రెండు నెలల తరువాత, విత్తనానికి కొబ్బరికాయలు ఎంచడానికి నాన్న పెద్దమ్మ ఊరు బయల్దేరారు. మొక్క కట్టడానికి కాయ ఏ చెట్టుదో చూసి తీసుకోవాలి. పెద్దమ్మ తోటలో పది చెట్లు నాన్న గుర్తుపెట్టుకున్నవి ఉండేవి. నేనూ వెంట వెళ్ళాను. రామచంద్రపురం మీదుగా రెండు బస్సులు మారి చేరేసరికి ఎండ మండిపోతోంది. పెద్దనాన్న మాట తక్కువ మనిషి, మమ్మల్ని చూసి తల ఊపి కాయలు దింపించడానికి వెళ్ళాడు. పెద్దమ్మ ఎప్పటిలాగే బొండాలు కొట్టించి ఇచ్చింది.

నాన్నకు అప్పుడే బీపీ మాత్రలు మొదలయ్యాయి. జేబులోంచి మాత్ర తీసి మంచినీళ్ళడిగారు.

"కొబ్బరినీళ్ళతో వేసేసుకోండి," అంది పెద్దమ్మ.

"బాగుండదండి, డాక్టరుగారు వద్దన్నారు."

"అయితే ఉండండి, బిందెలో ఉన్నాయేమో చూస్తాను." ఆవిడ లోపలికెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. నూతి మీద చేద ఉంటే దీనికింత ఆలోచన ఏంటని నాన్న తనే వెళ్ళి నీళ్ళు తోడుకున్నారు. మాత్ర నోట్లో వేసుకుని ఒక గుక్క తాగి, ఆ గుక్క అక్కడే ఊసేశారు. నేను వెళ్ళి చేదలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చి ఆ నూతి నీళ్ళు తాగితే మా ఊరి కాలువ నీళ్ళు వెగటుగా అనిపించేవి.

పెద్దమ్మ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళయిందండి ఇలా?" అని అడిగారు నాన్న.

"రెండేళ్ళు దాటిందండి. మడ పలచబడ్డాక పోటు నీళ్ళు తోటలోకి వచ్చేత్తన్నాయి."

"మరి తాగడానికి?"

"ఊళ్ళో కుళాయుందిగదండి."

కుళాయి ఊరికి ఆ చివర ఉంది. రోజూ రెండు బిందెలు ఆవిడే మోసుకొస్తోందట, ఆ వయసులో. మేము వెళ్ళినప్పుడల్లా మర్యాదకు బొండాలు కొట్టిస్తోందనుకున్నాం. నాన్నకు ఆ నీళ్ళు ఇవ్వలేక, ఎందుకలా అయ్యాయో చెప్పలేక కొట్టించింది. మొన్న మా ఇంట్లో కూడా మానేస్తే బాగుంటుంది అన్నదే గానీ నూతి మాట ఎత్తలేదు. నాకు ఆవిడమీద ప్రేమతో పాటు కోపం కూడా వచ్చింది. నోరు తెరిచి ఆ ఒక్క మాట చెబితే ఎంత బాగుండేది అనిపించింది.

నాన్న కాయలు చూడకుండా తిన్నగా తోట దాటి మడలోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. అడవి మొదట్లోనే పెద్ద ఖాళీ. అందులో ఎటు చూసినా బొటనవేలంత, మణికట్టంత మొదళ్ళు. ప్రతి మొదలూ ఏటవాలుగా నరికి ఉంది. నాన్న వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. ఎందుకో నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. కర్ర అడుగు ఏటవాలుగా ఉంటే కుండీలో తేలిగ్గా దిగుతుందని, అలాగే నరికి తెమ్మని కర్రలాయనకు చెప్పింది నాన్నే. మిగతా నర్సరీలవాళ్ళకు అడుగు చదునుగా కొట్టి ఇచ్చేవాడు.

తిరిగొచ్చి పెద్దమ్మతో ఒకే మాట అన్నారు. "వదినగారూ, ఆ ఖాళీ నాకొదిలేయండి. నింపి చూపిస్తాను."

ఇంటికొచ్చిన వారానికి కర్రలాయన లారీ వస్తే దించవద్దన్నారు. అతను "ఆయ్, అలాగేనండి" అని అదే లారీని పక్క నర్సరీకి తోలాడు. నాన్న ఆ నర్సరీకీ వెళ్ళారు, ఆ పక్కదానికీ వెళ్ళారు. అందరూ టీ ఇప్పించారు, అందరూ విన్నారు, ఎవరూ మానలేదు. మేము సరుగుడు కర్రలకు అడుగున తారు పూసి వాడటం మొదలుపెట్టాం. నా చేతులకు తారు అంటుకుని అన్నం తింటుంటే కూడా అదే వాసన. పెళ్ళిచూపులకు వచ్చినావిడ నా గోళ్ళు చూసి ఏమనుకుందో గానీ ఆ సంబంధం మాట మళ్ళీ ఎత్తలేదు. దాని గురించి నాకు పెద్ద దిగులు లేదు.

వైశాఖంలో నర్సరీలో పని పలచబడ్డాక, నాన్న ఇద్దరు మంచి పనివాళ్ళనూ నన్నూ తీసుకుని పెద్దమ్మ ఊరికి బయల్దేరారు. ఆవిడ ఊళ్ళో లేదు. కూతురి పురిటికని సామర్లకోట వెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి పని అయిపోయి కనిపించాలని నాన్న ముచ్చట.

మడ విత్తులు వానాకాలం చివర్లో గానీ రాలవు. కాబట్టి ముందు చేయాల్సింది ఖాళీ అంచున మిగిలిన ఐదు పెద్ద చెట్లను కాపాడటం అన్నారు నాన్న. ఆ ఐదూ విత్తనపు చెట్లు. వాటి చుట్టూ నేలలోంచి జానెడు పొడవు వేర్లు వందల కొద్దీ నిలువుగా పైకి లేచి ఉన్నాయి, మేకులు తిరగేసి పాతినట్టు. చిన్నప్పుడు వాటిమీద కాలు పడితే గుచ్చుకునేవి. వాటిని చూసి నాన్న మొహం వాడిపోయింది. ఏ నర్సరీవాడికైనా అంతే. వేరు బయట పడిందంటే మట్టి కొట్టుకుపోయిందని, చెట్టు ఆకలితో ఉందని మా లెక్క. వెంటనే మొదలుకు మట్టి ఎగదొయ్యాలి. అది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, చేతులే చేసుకుపోతాయి.

"పాపం, ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నాయో," అన్నారు నాన్న.

మూడు రోజులు తట్టలతో మట్టి మోశాం. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు పని, పోటు వస్తే గట్టెక్కి కూర్చోవడం. ఒక్కొక్క చెట్టు చుట్టూ మోకాలెత్తున మట్టి పోసి, కొట్టుకుపోకుండా చుట్టూ కాయ వలిచిన కొబ్బరి డొక్కలు కట్టి, పైన గట్టిగా తొక్కాం. తొక్కింది నేనే. చుట్టూ తిరుగుతూ, మడమలతో నొక్కుతూ, ఒక్క మేకు కూడా బయటికి కనిపించకుండా. అంతా అయ్యాక ఐదు చెట్లూ పూలకుండీల్లో పెట్టినంత శుభ్రంగా కనిపించాయి. నాన్న దూరంగా నిలబడి చూసుకుని, "ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటాయి," అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తొలకరి పడితే మా నర్సరీకి ఊపిరాడదు. అందరికీ మొక్కలు అప్పుడే కావాలి. మళ్ళీ మాకు వెళ్ళడానికి కుదిరింది శ్రావణంలో. నాన్న ఒక బస్తా వేపపిండి కూడా బస్సెక్కించారు, విత్తనపు చెట్లకు బలానికి. తోట దాటగానే మొదట నాకే కనిపించింది. చుట్టుపక్కల అడవంతా వానకు కడిగి ముదురాకుపచ్చగా ఉంటే, మా ఐదు చెట్లు మాత్రం పసుపుపచ్చగా ఉన్నాయి. కింద మా చదునైన మట్టి మీద ఆకు రాలి పరుచుకుంది.

నాన్న బస్తా కింద పెట్టేసి చెట్టు చుట్టూ తిరిగారు. బెరడు గిల్లి చూశారు. "నీళ్ళెక్కువయ్యాయేమో" అన్నారు, "తెగులేమో" అన్నారు. పెద్దమ్మ మా వెనకే వచ్చి నిలబడింది. ఆవిడ సామర్లకోట నుంచి వచ్చి నెల దాటింది. రోజూ తోటలోకి వస్తూనే ఉంది.

"వదినగారూ, వీటికేమైందంటారు?"

ఆవిడ కొంగు చివర మెలిపెడుతూ అంది. "ఊపిరాడట్లేదండి వాటికి. ఆ మేకుల్లోంచే గాలి పీల్చుకుంటాయి. కింద బురదలో గాలుండదుగదండి. చిన్నప్పుడు వాటిని తొక్కితే మా నాన్న కేకలేసేవాడు."

నాన్న ఆవిడవైపు తిరిగి అడిగారు. "మీకు తెలుసా?"

"తెలుసండి."

"వచ్చిన రోజే చూశారా?"

"చూశానండి. గుండె గుభేలుమంది. కానీ మీ చెయ్యి మంచిదని ఊరూరూ చెబుతారు. మొక్కల సంగతి నాకన్నా మీకు ఎక్కువ తెలుసుగదా, ఏదో తెలిసే చేసుంటారు, అడిగితే తప్పుపట్టినట్టుంటుందని ఊరుకున్నానండి."

ఎవరిమీద కోప్పడాలో నాకు తెలియలేదు. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు అంత గౌరవించుకుని, మధ్యలో చెట్లను చంపుకున్నారు. నేనైతే ఆ మేకుల మధ్య ఆడుకుని పెరిగినదాన్ని, పైగా తొక్కినదాన్ని. ఎవరినీ అనడానికి నాకే హక్కూ లేదు.

పార వేస్తే లోపలి వేర్లు తెగుతాయి. కాబట్టి చేతులతోనే తీశాం, ముగ్గురమూ, మోకాళ్ళమీద కూర్చుని. నేను తొక్కిన మట్టి గట్టిగా బిగుసుకుపోయి ఉంది. దాని కింద ఒక్కొక్క మేకు చుట్టూ వేలితో గీరుకుంటూ రావాలి. కొన్ని గట్టిగానే ఉన్నాయి. కొన్ని పట్టుకుంటే మెత్తగా నల్లగా చితికిపోయాయి. అలాంటివి తగిలినప్పుడల్లా నాన్న చెయ్యి ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేవారు. రెండు రోజులు అలా చేశాం. రెండోరోజు నాన్న ఏడుస్తున్నారని నాకు తెలుసు. మొహానికి బురద అయింది, చేతులకూ బురదే, తుడుచుకోవడానికి లేదు. పెద్దమ్మ ఆయన వైపు చూడకుండా తన పైటకొంగు మెలిపెట్టి, శుభ్రంగా ఉన్న కొస ఆయనవైపు చాచింది. నాన్న దాంతో కళ్ళు తుడుచుకున్నారు. మా ఇళ్ళలో మరిది వదినగారి కొంగు ముట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

దీపావళినాటికి మూడు చెట్లు పోయాయి. రెండు నిలబడ్డాయి.

ఆ తరువాత నాన్న మారిపోయారు. ఎవరైనా వచ్చి మీ చేత్తో ఇవ్వండి అంటే, "మా అమ్మాయి ఇస్తుందండి" అని నావైపు చూపించి లోపలికెళ్ళిపోయేవారు. సామర్లకోట నుంచి ఒక ముసలాయన మనవడి ఇంటికని మామిడి అంటు కోసం వచ్చి, నాన్న చేత్తో తప్ప తీసుకోనని అరుగుమీద గంట కూర్చున్నాడు. నాన్న దొడ్డిదారిన పొలానికి వెళ్ళిపోయారు. అమ్మ వేళాకోళం మానేసింది. అమ్మ మానేసిందంటేనే ఇంట్లో సంగతి ఎంతదాకా వచ్చిందో నాకు అర్థమైంది. టీ బడ్డీ దగ్గర మిగతా నర్సరీలవాళ్ళు అడిగితే మాత్రం ఏమీ దాచేవారు కాదు. కర్రలకోసం అడవిని సగం చంపాను, మట్టిపోసి మిగతా సగంలో మూడు చంపాను అని చెప్పేవారు. అంతకుముందు ఆయన చెప్పిన నీతులకు చాటున నవ్వినవాళ్ళు దీనికి నవ్వలేదు. ఇద్దరు కర్రలాయన దగ్గర కొనడం మానేశారు. అందరూ మానలేదు. కర్రలాయన రావడం పూర్తిగా తగ్గింది చాలా ఏళ్ళ తరువాత, ఫారెస్టువాళ్ళు కాపలా గట్టిచేశాక.

మరుసటి ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, పెద్దమ్మ మా పక్కింటికి ఫోన్ చేసింది. నేను పరుగెత్తుకెళ్ళి అందుకున్నాను.

"మడ విత్తులు రాలుతున్నాయే. మీ నాన్నని తీసుకురా."

"రానంటారు, పెద్దమ్మా."

"నేను రమ్మన్నానని చెప్పు. ఇంకేం చెప్పకు."

ఆవిడ రమ్మంటే నాన్న రాకుండా ఉండలేరు. వచ్చారు. పెద్దమ్మ తడిపిన గోనెసంచిలో విత్తులు సిద్ధంగా పెట్టింది. కొన్ని చిక్కుడు గింజల్లా పచ్చగా, చీల్చుకుని మొలక కనిపిస్తున్నవి. కొన్ని ములక్కాడంత పొడుగువి, చెట్టునుండగానే కాయలోంచి మొలిచి వేలాడే రకం. చిక్కుడు గింజల్లాంటివి బతికిన ఆ రెండు చెట్లకింద ఏరినవేనట. చెబుతున్నప్పుడు ఆవిడ మొహం వెలిగింది.

ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని బురదలోకి దిగింది. నాకు నేర్పింది. పొడుగు కాయను మూడో వంతు దించితే చాలు, చుట్టూ నొక్కకూడదు, నీళ్ళు తనంతట తనే సర్దుకుంటాయి. గింజనైతే పైనే ఉంచి కాస్త బురద తాకించాలి. మా నర్సరీలో నేర్చుకున్నదానికి అన్నీ తలకిందులే. నాన్న గట్టుమీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"దిగండి మరిదిగారూ," అంది పెద్దమ్మ.

"నేనిక్కడే ఉంటానండి. అమ్మాయి చేస్తుంది."

"మీరూ దిగండి."

"వద్దండి వదినగారూ. ఈ నేలకు నా చెయ్యి పడదు. నేను ముట్టుకున్నవి చాలు."

పెద్దమ్మ నడుం నిలబెట్టి ఆయన వైపు తిరిగింది. ఆవిడ నాన్నతో గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కూడా పెంచలేదు గానీ, ప్రతి మాటా నాకు స్పష్టంగా గుర్తుంది.

"మంచి చెయ్యి అని పిలవలేదండి మిమ్మల్ని. మంచి చెయ్యి అనుకునే నోరు మూసుకున్నాను. మూడు చెట్లు పోయాయి. నా నుయ్యి పోయినప్పుడు కూడా మీతో చెప్పకుండా ఊరుకున్నాను. మర్యాద మర్యాద అని ఇద్దరం చాలా పోగొట్టుకున్నాం. మీరు మా మనిషని పిలిచానండి. ఈసారి తప్పు చేస్తే అక్కడే చెబుతాను. పడతారా?"

నాన్న పంచె పైకి ఎగగట్టి, చెప్పులు గట్టుమీద విడిచి దిగారు.

ఆ నూతి నీళ్ళు మళ్ళీ తియ్యగా మారలేదని ఇక్కడే చెప్పేస్తాను. మడ పెరిగింది. పదేళ్ళకు ఆ ఖాళీ ఎక్కడ ఉండేదో కొత్తవాళ్ళకు చూపించలేనంతగా కలిసిపోయింది. తోటలోకి పోటు రావడం ఆగింది, కొబ్బరిచెట్లు నిలబడ్డాయి. నూతి నీళ్ళు మాత్రం అంట్లు తోమడానికీ గేదెల్ని కడగడానికీ తప్ప పనికిరాలేదు. పెద్దమ్మ చివరిదాకా కుళాయి నీళ్ళే తాగింది.

కానీ ఆ పొద్దున అవేవీ మాకు తెలియవు. నాన్న సంచిలోంచి ఒక పొడుగు కాయ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, బురదలో దించారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, బొటనవేళ్ళు వాటంతట అవే చుట్టూ మట్టి నొక్కబోయాయి.

"నొక్కకండి," అంది పెద్దమ్మ.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు.

"లోతు కూడా ఎక్కువైందండి. తీసి మళ్ళీ పెట్టండి."

తీసి మళ్ళీ పెట్టారు. వంకరగా ఉందంటే సరిచేశారు. నేను పక్కనే చేతిలో కాయతో చూస్తున్నాను. జిల్లా నలుమూలల నుంచీ జనం మొక్కల సంగతి అడగడానికి వచ్చే మా నాన్న, కాయమీద నుంచి చెయ్యి తీసి, బురదలో అలాగే వంగి ఉండి, తలెత్తి ఆవిడను అడిగారు.

"ఇప్పుడు సరిపోయిందాండి, వదినగారూ?"

పెద్దమ్మ వంగి చూసింది. "సరిపోయిందండి," అంది.